గేటు పిల్లర్ మీది గీత

మా ఇంటి గేటుకు కుడివైపు పిల్లర్ మీద, మోకాలి ఎత్తులో, జానెడు పొడవున సిమెంటు పెచ్చు లేచి ఉంది. లోపలి ఇటుక ఎర్రగా కనిపిస్తుంది. పోయిన యేడు ఇంటికి రంగులు వేయించినప్పుడు మేస్త్రి దాన్ని పూడ్చబోతే వద్దన్నాను. ఎందుకని నా భార్య అడిగింది. రివర్స్ తీసేటప్పుడు గుర్తుగా ఉంటుందని చెప్పాను. అది అబద్ధం. ఆ పెచ్చు ఎట్లా లేచిందని నాలుగేళ్ల కింద ఇంట్లో చెప్పానో అదీ అబద్ధమే. ఆ రెండు అబద్ధాలనూ, వాటికి ముందు చేసిన తెలివితక్కువ పనినీ ఇవాళ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో ఉంటాను. సర్కారు బడిలో భౌతిక శాస్త్రం చెప్తాను. కాబట్టి కారు బ్రేకుల దగ్గర నేను చేసిన తప్పును తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

నాలుగేళ్ల కింద పుష్య మాసంలో, నాగోబా జాతరకు కొన్ని రోజుల ముందు, ఉట్నూరు బయలుదేరాం. నా అత్తగారి ఊరు అది. జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం బ్రిడ్జి మీద గోదావరి దాటి, లక్షెట్టిపేట నుంచి జన్నారం. అక్కడి నుంచి కవ్వాల్ అడవి నడుమ రోడ్డు. జన్నారం దాటిన కొంత సేపటికి రోడ్డు పక్కన మెస్రం వంశం వాళ్లు కనిపించారు. కలమడుగు దగ్గరి హస్తినమడుగులో గోదావరి నీళ్లు ఝరి అనే పాత్రలో ముంచుకొని, కేస్లాపూర్ నాగోబా గుడి దాకా చెప్పుల్లేకుండా నడిచిపోయే గోండు పెద్దలు. తెల్లని ధోవతులు, తెల్లని తలపాగాలు, ఒకరి వెనుక ఒకరు. వాళ్లను చూసి బ్రేకు మీద కాలు పెట్టాను. ముందు చక్రాల్లోంచి సన్నగా, పొడుగ్గా కీచుమని చప్పుడు వచ్చింది. వరుసలో చివరి ముసలాయన తల తిప్పి నా బండిని చూశాడు. రోడ్డు అంచు నుంచి ఇంకో అడుగు లోపలికి జరిగి మళ్లీ నడిచాడు.

వెనుక సీట్లోంచి నా బిడ్డ అడిగింది: ‘‘డాడీ, ఆ సప్పుడేంది?’’

‘‘దుమ్ము పడ్డది బిడ్డా’’ అన్నాను.

దుమ్ము కాదని నాకు తెలుసు. ఆ చప్పుడు అప్పటికే రెండు నెలల నుంచి వస్తోంది. దసరాకు సర్వీసింగ్ చేసినప్పుడే ఉస్తాద్ చెప్పాడు. బైపాస్ రోడ్డులో చిన్న షెడ్డు ఆయనది. పదేళ్లుగా నా బండి ఆయన చేతిలోనే ఉంది. ‘‘సార్, ముందటి ప్యాడ్లు అయిపోవస్తున్నయ్. లేటు చెయ్యకుండ మార్పియ్యాలె’’ అన్నాడు. సరేనన్నాను. లోపల మాత్రం, పని పుట్టించుకోవడానికి చెప్తున్నాడని అనుకున్నాను. పదేళ్లలో ఒక్కసారి కూడా నాకు అక్కర్లేని పని చేసి డబ్బు అడగని మనిషి గురించి అట్లా అనుకున్నాను. నా మొదటి తప్పు అక్కడుంది.

ఆ కీచు చప్పుడు బండి చెడిపోయి వచ్చేది కాదు. ప్యాడ్ తయారుచేసేవాళ్లే దాన్ని అందులో పెడతారు. ఇనుప పలకకు అతికించిన రాపిడి పదార్థం కొత్తలో పది పన్నెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి, పలక అంచున ఉన్న చిన్న రేకు తిరిగే డిస్కుకు తగిలి అరుస్తుంది. ఇక మార్చుకొమ్మని చెప్పడానికే ఆ రేకు. బడిలో గంట కొట్టాక కూడా వరండాలో నిలబడ్డ పిల్లవాణ్ని నేను మందలిస్తాను. నా బండి రెండు నెలలు గంట కొడితే మాత్రం నేను కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో జైనూరు మీదుగా వచ్చి కెరమెరి ఘాట్ దిగాం. మలుపు వెనుక మలుపు. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క అడవితో నిండిన లోయ. ఆ దిగువలో పెట్రోలు మిగులుతుందని గేరు తీసేసి, న్యూట్రల్‌లో, బ్రేకు మీద కాలు ఆనించి దించాను. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి ఎక్సలేటర్ వదిలేస్తే పెట్రోలు దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితే మిగిలేదేమీ లేకపోగా, ఇంజన్ పట్టి ఆపాల్సిన బరువు కూడా బ్రేకుల మీదే పడుతుంది. మనుషులతో కలిపి వెయ్యి కిలోల బండి నూరు మీటర్ల ఎత్తు నుంచి దిగితే దాదాపు పది లక్షల జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. మూడు లీటర్ల చన్నీళ్లను మరిగించే వేడి అది. గేరు తీసేసిన బండిలో ఆ వేడి దాదాపు అంతా బ్రేకుల్లోకే పోతుంది. అందులోనూ పెద్ద వాటా ముందు చక్రాలదే, ఎందుకంటే ఆగే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. నా ముందు చక్రాల్లో అప్పుడున్నది రెండు మిల్లీమీటర్ల మందం. కింద కెరమెరిలో చాయ్ తాగుదామని ఆపితే చక్రాల దగ్గర కాలిన వాసన ముక్కుకు కొట్టింది. ఆ వాసన అర్థం తెలిసి కూడా చాయ్ తాగి మళ్లీ బండెక్కాను. ఆసిఫాబాద్, మంచిర్యాల మీదుగా ఇల్లు చేరాం.

ఈ మాట రాస్తుంటే కొండగట్టు గుర్తొస్తుంది. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. అంజన్న గుట్ట ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల పల్లెల వాళ్లే ఎక్కువ. శనివారంపేట లాంటి ఊళ్లలో ఒకే రోజు ఎన్నో ఇళ్ల ముందు పాడెలు లేచాయి. మా ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఆ రోజును మరిచినవాళ్లు లేరు. ఆ వారం నేను తరగతిలో పాఠం ఆపి, వాలు మీద దిగే బరువు గురించి, ఘాట్ ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే ఎందుకు దిగాలో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. అట్లా చెప్పిన మనిషినే, నా భార్యనూ బిడ్డనూ కూర్చోబెట్టుకొని, అరిగిన ప్యాడ్లతో, న్యూట్రల్‌లో కెరమెరి దిగాను. ఏమీ కాలేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏమీ కాకపోవడం నా తెలివి వల్ల కాదు.

ఇంటికి వచ్చాక ప్యాడ్లు మార్చాలని నిశ్చయించుకున్నాను. అయితే ఉస్తాద్ దగ్గరికి పోలేదు. రెండు రాత్రులు ఫోన్లో వీడియోలు చూశాను. ఇంత సులువైన పనికి ఇన్నేళ్లు డబ్బులిచ్చానా అనిపించింది. ఐదు వందలు మిగిలితే మిగిలాయి, అసలు నాకు కావలసింది వేరే ఉంది. పానా పట్టేవాళ్లకు తెలిసింది సార్లకు తెలియదా అని నాకు నేను చూపించుకోవాలి. అది గర్వం. అప్పుడు దాన్ని స్వయంకృషి అనుకున్నాను.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. బండి పోర్టికోలో ఉంది. పోర్టికో నుంచి గేటు దాకా పది అడుగుల వాలు. వెనుక చక్రాలకు అడ్డంగా, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్కలు పెట్టాను. బండితో వచ్చిన జాకీ ఒక్కటే ఆధారం. జాకీ జారితే ఆపడానికి కింద స్టాండు లేదు, కనీసం విప్పిన చక్రమన్నా బండి కిందికి తోయలేదు. నా బిడ్డ అప్పుడు తొమ్మిదో తరగతి. పక్కన కూర్చొని పానాలు అందించింది.

చక్రం విప్పాను. కాలిపర్ బోల్టులు ఊడదీసి దాన్ని పక్కకు తీశాను. దాన్ని తీగతో పైకి కట్టాలి. నేను బ్రేకు ఆయిల్ పోయే రబ్బరు గొట్టానికే వేలాడదీశాను. పాత ప్యాడ్లు బయటికి తీస్తే ఒకదాని మీద గోరు మందం కూడా లేదు. కొత్తవి పట్టాలంటే బయటికి వచ్చి ఉన్న పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. సి-క్లాంప్ పెట్టి మెల్లగా బిగించాను. గుండ్రటి ఆ ఇనుప పిస్టన్ వెంట్రుక వెంట్రుకగా లోపలికి పోతుంటే బానెట్ కింద బ్రేకు ఆయిల్ డబ్బా నిండి పొర్లింది. గుడ్డతో తుడిచాను గానీ, తర్వాత ఆ చోట రంగు ఉబ్బి పొలుసుగా లేచింది.

‘‘డాడీ, ఇది మా బుక్కుల పాస్కల్ సూత్రమే గద?’’ అంది బిడ్డ.

నాకెంత సంతోషమైందో. సి-క్లాంప్ చేతిలో పట్టుకొనే చెప్పాను. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని దిక్కులకూ సమానంగా పోతుంది. చిన్న పిస్టన్ మీద కాలి బలం పెడితే, పెద్ద పిస్టన్ దగ్గర అది ఎన్నో రెట్లవుతుంది. అందుకే అరవై కిలోల మనిషి కాలితో వెయ్యి కిలోల బండిని ఆపగలడు. తను తలూపింది. ఆ సూత్రంలో ఇంకో సగం ఉంది. దాన్ని తనకు చెప్పలేదు, నాకూ గుర్తు రాలేదు.

రెండు చక్రాలూ అయ్యేసరికి పదకొండున్నర. చేతులు కడుక్కొని, ఒక చుట్టు తిప్పుకొస్తానని బండెక్కాను. గ్రానైట్ ముక్కలు తీశాను. బిడ్డ గేటు తెరిచి కుడి పిల్లర్ దగ్గర నిలబడి రోడ్డు చూసింది. ‘‘రా డాడీ, ఎవ్వరు లేరు’’ అంది. రివర్స్ వేసి క్లచ్ వదిలాను. బండి వాలు మీదికి వచ్చాక బ్రేకు తొక్కాను.

కాలు కింద ఏమీ లేదు. మెట్టు ఉందనుకొని చీకట్లో అడుగు వేస్తే గుండె జారుతుంది చూడండి, అట్లా పెడల్ నేలకు పోయి తగిలింది. మళ్లీ తొక్కాను. సగం దాకా మెత్తగానే పోయింది. బండి వెనక్కి జారుతూనే ఉంది. రెండు చేతులతో చేతి బ్రేకు గుంజాను. అది తీగతో వెనుక చక్రాలను పట్టేది, దానికి ఆయిల్‌తో పని లేదు. అదే కాపాడింది. కీచుమని, ఠక్కుమని, వెనుక కుడి మూల పిల్లర్‌కు కొట్టుకొని బండి ఆగింది.

అద్దంలో నా బిడ్డ కనిపించలేదు.

తలుపు తీసుకొని దిగేటప్పుడు నా కాళ్లలో సత్తువ లేదు. తను గేటుకు ఎడమ పక్కన ఉంది. గాలికి ఎడమ రెక్క మూసుకుపోతుంటే పట్టుకోవడానికి అటు ఉరికింది. అంతకు ముందు తను నిలబడ్డ చోట బంపర్ పిల్లర్‌కు ఆనుకొని ఉంది. మధ్యలో నా చెయ్యి కూడా పట్టనంత సందు.

చప్పుడుకు నా భార్య ఉరికివచ్చింది. ఏమైందంది. ‘‘బ్రేకనుకొని ఎక్సలేటర్ తొక్కిన’’ అన్నాను. బిడ్డ నా ముఖం చూసింది. ఏమీ అనకుండా లోపలికి పోయి నీళ్లు తెచ్చిచ్చింది.

అందరూ లోపలికి పోయాక మళ్లీ బండిలో కూర్చొని, ఇంజన్ ఆపి, పెడల్ తొక్కాను. మూడోసారి, నాలుగోసారి అది రాయిలా గట్టిపడింది. బండిలో లోపం లేదు. కదిలించే ముందు నేను పెడల్‌ను నాలుగుసార్లు తొక్కలేదు, అంతే.

పాస్కల్ సూత్రంలో నేను మరిచిన సగం ఇది: బలం ఎన్ని రెట్లు పెరిగితే, జరిగే దూరం అన్ని రెట్లు తగ్గుతుంది. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ పిస్టన్ వ్యాసం 20 మిల్లీమీటర్లు, చక్రం దగ్గరిది 50 మిల్లీమీటర్లు అనుకుందాం. బలం ఆరు రెట్లు దాటుతుంది. అదే లెక్కలో, చక్రం దగ్గరి పిస్టన్ ఒక మిల్లీమీటరు బయటికి రావాలంటే పెడల్ దగ్గరిది ఆరు మిల్లీమీటర్లకు పైగా పోవాలి. రెండు చక్రాలకు పన్నెండు. నేను పిస్టన్లను అంచుదాకా లోపలికి నెట్టాను. ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య సందు మిగిలింది. ఒక్కో పక్క రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉన్నా, అది నిండే దాకా పెడల్ ఊరికే నేలకు పోతూ ఉండాల్సిందే. ఈ లెక్కను ఇరవై ఏళ్లుగా బోర్డు మీద వేయిస్తున్నాను. సాయంత్రం నోట్‌బుక్‌లో వేసుకుంటే రెండు నిమిషాలు పట్టింది. పొద్దున ఆ రెండు నిమిషాలు నాకు దొరకలేదు.

మర్నాడు బడి నుంచి నేరుగా ఉస్తాద్ దగ్గరికి పోయాను. చక్రాలు విప్పి చూశాడు. ‘‘ఎవరు చేసిండ్రు సార్?’’ అన్నాడు. నేనేనన్నాను. ఆయనకు మాత్రం జరిగిందంతా చెప్పాను. ఇంట్లో చెప్పలేని నిజం ఆయన ముందు ఎట్లా నోటికి వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన ఏమీ అనలేదు. ఒక్కొక్కటీ వేలితో చూపించాడు. ఎడమ చక్రంలో, రేకున్న ప్యాడ్‌ను లోపలి వైపు పెట్టకుండా బయట పెట్టాను. కాలిపర్ జరిగే పిన్నులకు గ్రీజు లేదు, అట్లాగే బిగించాను. రబ్బరు గొట్టాన్ని బరువుకు వేలాడదీసినందుకు దాన్ని వంచి, తిప్పి, ఎక్కడన్నా చిట్లిందేమోనని వెలుతురులో చూశాడు. డబ్బా మూత తీసి, ఆయిల్ నల్లబడిందని, ఎన్నేళ్లయిందని అడిగాడు. బండి కొన్నప్పటి నుంచీ మార్చలేదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నలుగుతుంది, ద్రవం నలగదు. అప్పుడు కూడా పెడల్ అట్లాగే నేలకు పోతుంది. కెరమెరిలో నేను చాయ్ తాగిన చోటు కళ్ల ముందు తిరిగింది.

అన్నీ సరిచేశాక ఆయన డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. అంతకు ముందే పని నేర్చుకుంటున్న పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే బండి ముందు నుంచి లేచి పక్కకు పోయి, గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఉస్తాద్ కళ్లు మూసుకొని పెడల్‌ను మెల్లగా తొక్కాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గట్టిపడ్డాక కాలు అట్లాగే ఆనించి కొంతసేపు కూర్చున్నాడు, పెడల్ మెల్లగా కిందికి దిగుతుందేమోనని. దిగలేదు. అప్పుడు కళ్లు తెరిచాడు.

‘‘పోరనికి పానా పట్టుడు నేర్పేకంటె ముందు గిది నేర్పుత సార్’’ అన్నాడు. ‘‘పెడల్ గట్టిపడేదాక బండి ముందట గని ఎనుక గని మనిషి నిలవడొద్దు. బ్రేక్ కొట్టేది మనం. ఆగితె బతికేది వాళ్లు.’’

పాస్కల్ పేరు ఆయన వినలేదు. నేను మరిచిన సగం ఆయన కాలికి తెలుసు, గోడకు ఆనుకున్న ఆ పిల్లవాడికి కూడా తెలుసు. జన్నారం దగ్గర నా బండి అరుపు విని అడుగు లోపలికి జరిగిన ఆ ముసలాయన గుర్తొచ్చాడు. నా బ్రేకు మీద ఆధారపడి నడిచినవాడు ఆయన. అది అరిగిందో లేదో నన్ను అడిగే వీలు ఆయనకు లేదు. ఐదు వందల లెక్క, నా గర్వం లెక్క వేసుకున్నాను గానీ ఆ మనిషిని లెక్కలోకి తీసుకోలేదు.

అప్పటి నుంచి కొన్ని మారాయి. ఏటా పాస్కల్ పాఠం రోజున ఆ పాత ప్యాడ్‌ను బడికి తీసుకుపోయి పిల్లల చేతికిస్తాను. బలం లెక్క వేయించిన బోర్డు మీదే దూరం లెక్క కూడా వేయిస్తాను. ఘాట్ ఎక్కడున్నా, కెరమెరి అయినా, నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ అయినా, రెండో గేరులోనే దిగుతున్నాను. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పిస్తున్నాను. బండి పని సొంతంగా చేసుకోవడం తప్పని నేననను. చేసేవాళ్లు స్టాండు పెట్టి, కాలిపర్ పైకి కట్టి, చివర పెడల్ గట్టిపడేదాకా తొక్కి చూసి చేయండి. ఆ చివరి నాలుగు తొక్కుళ్లకు పది సెకన్లు కూడా పట్టవు.

ఒక్కటి మాత్రం నాలుగేళ్లు మారలేదు. ఇంట్లో నిజం చెప్పలేదు. ప్యాడ్ల తప్పు ఒక్క పూటది. ఈ తప్పు మాత్రం గేటు తీసిన ప్రతిసారీ మళ్లీ చేశాను.

ఈ నెలలో నా బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాయి. లర్నింగ్ లైసెన్సు తెచ్చుకుంది. పోయిన ఆదివారం అదే పోర్టికోలో, అదే బండిలో, మొదటిసారి డ్రైవర్ సీట్లో కూర్చుంది. పక్క సీట్లో నేను. తాళం తిప్పబోతుంటే ఆపాను. ‘‘బిడ్డా, ఆనాడు నేను ఎక్సలేటర్ తొక్కలేదు’’ అన్నాను. అంతా చెప్పాను. కీచు చప్పుడు దుమ్ము కాదని, కెరమెరి కింద కాలిన వాసన వచ్చిందని, పెడల్ తొక్కి చూడకుండా బండి కదిలించానని.

తను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని ముందుకే చూస్తూ విన్నది.

‘‘నాకెర్కే డాడీ’’ అన్నది. ‘‘ఎనుక ఎర్ర లైట్లు వెలిగినయ్. రెండుసార్లు. బ్రేక్ తొక్కితెనే గద అవి వెలిగేది.’’

నాకు మాట రాలేదు. కాసేపటికి, అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను.

‘‘నువ్వే చెప్తవనుకున్న.’’

తర్వాత తను కిందికి చూసి, బ్రేకు మీద కాలు పెట్టి, మెల్లగా తొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గట్టిగా ఉందని నాకు చెప్పి, అప్పుడు తాళం తిప్పింది.